దీనమ్మ కోసం ఉపవాసం

అనగనగా ఒక అడవిలో, ఒక శుక్రవారం ఉదయం ఆరూ పదికి, ఎలుగుబంటి జకర్యాగారు తన తేనెకుండకు మూత పెట్టారు. మూత మీద ఒక రాయి పెట్టారు. రాయి మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడ్డారు. ఆ రోజు ఉపవాసం. ఆయన సంఘపెద్ద. పెద్దే మూత తీస్తే మిగతా జంతువులు ఏమనుకుంటాయి?

ఉపవాసం ఎందుకో చెబుతాను పిల్లలూ. ముసలి ఉడుత దీనమ్మ మద్దిచెట్టు తొర్రలో ఒంటరిగా ఉంటుంది. గాలివానకు కొమ్మ విరిగి మీద పడి ఆమె కాలు విరిగింది. చెట్టు దిగలేదు. గింజలు ఏరుకోలేదు. దాచుకున్నవి అయిపోయాయి. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే బతకదు.

ఈ వార్త విని సంఘం కంటతడి పెట్టింది. అందరూ కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చారు. దీనమ్మ తినడం లేదు కాబట్టి శుక్రవారం మనం కూడా తినకూడదు.

"మనం మానేసిన తిండి ఆమెకు పంపితే ఎలా ఉంటుందండీ?" అని కుందేలు సలోమి అడిగింది.

"సిస్టర్, మీరు శరీర సంబంధంగా ఆలోచిస్తున్నారు" అన్నారు జకర్యాగారు.

సలోమి సిగ్గుపడి తలవంచుకుంది. ఆ తర్వాత ఆమె మళ్ళీ అలా ఆలోచించలేదు.

ఆ శుక్రవారం దీనమ్మను పరామర్శించడానికి ముగ్గురు వెళ్ళారు.

మొదట సలోమి వెళ్ళి చెట్టు కింద నిలబడింది. ఆమె చేతిలో మూత పెట్టిన గిన్నె ఉంది.

"ఏంటమ్మాయ్, మంచి వాసన వస్తోంది?" అంది దీనమ్మ.

"గుగ్గిళ్ళు పిన్నీ. సాయంత్రం ఉపవాసం ముగిశాక విందు ఉంది కదా."

"రెండు గింజలు పెట్టవే."

"అయ్యో, ఇప్పుడు మూత తీస్తే ఎలా పిన్నీ? ఉపవాసం నీ కోసమేనాయె."

గిన్నె జాగ్రత్తగా పట్టుకుని సలోమి వెళ్ళిపోయింది.

తర్వాత నెమలి తిమోతి వచ్చాడు. అతని దస్తూరి బాగుంటుంది. దేవుడు ఆకలిగొన్నవారికి ఆహారమిస్తాడని ఒక టేకాకు మీద రంగు అక్షరాలతో రాసుకొచ్చాడు. దాన్ని వెదురుబియ్యం మెతుకులతో తొర్ర గోడకు అతికించాడు.

"రోజూ కళ్ళెదురుగా ఉంటుంది దీనమ్మగారూ. బలం వస్తుంది" అన్నాడు.

అతను వెళ్ళాక దీనమ్మ ఆకు ఊడదీసి, వెనక ఉన్న మెతుకులు గీక్కుని తింది. తిమోతి చెప్పినట్టే కాస్త బలం వచ్చింది.

చివరికి జకర్యాగారు వచ్చారు. చాలాసేపు ప్రార్థన చేశారు. అడవి కోసం, వానల కోసం, తేనెటీగల కోసం చేసి, ఆఖర్న దీనమ్మ దగ్గరికి వచ్చారు. అప్పటికి ఆమె కళ్ళు మూసుకుని ఒక పక్కకు ఒరిగిపోయింది.

"ఎంత లీనమైపోయింది" అనుకున్నారు జకర్యాగారు. ఆమె స్పృహ తప్పిందని ఆయనకు తోచలేదు.

మధ్యాహ్నం కూడికలో ఆయన పరిశుద్ధ గ్రంథం తెరిచి ఏలీయా ప్రవక్త గురించి బోధించారు. కరువుకాలంలో ఆ ప్రవక్త ఒక వాగు దగ్గర దాక్కుంటే, కాకులు పొద్దునా సాయంత్రం రొట్టె, మాంసం తెచ్చి ఇచ్చాయి.

"చూడండి, దేవుడు కాకుల్ని కూడా వాడుకున్నాడు" అన్నారాయన.

అందరూ ఆమేన్ అన్నారు. నీరసంగా ఉన్నా గట్టిగానే అన్నారు.

పొద్దుగూకింది. విస్తళ్ళు పరిచారు. గుగ్గిళ్ళు, వెదురుబియ్యం పాయసం, సీతాఫలాలు, తేనె వడ్డించారు. పొద్దున మానేసింది, మధ్యాహ్నం మానేసింది, రాత్రి తినవలసింది, అంతా ఒక్క పూటలో తినాలి. అది తేలికైన పని కాదు. అయినా వెనకాడలేదు.

అప్పుడు పక్క కొమ్మ మీద ఒక కాకి వాలింది.

"అయ్యగారూ, దీనమ్మకు ఒక విస్తరి కట్టివ్వండి. చీకటి పడేలోగా ఇచ్చొస్తాను" అంది.

జకర్యాగారు ముద్ద దించి చూశారు. "నువ్వు ఉపవాసం ఉన్నావా?"

"మాకు తరచూ ఉంటుందండి. శుక్రవారమే అని లేదు."

"కూడికకు వచ్చావా?"

"కొమ్మ మీంచి విన్నానండి. కాకుల గురించి బాగా చెప్పారు."

"అవి వేరే కాకులు" అన్నారు జకర్యాగారు.

తిమోతి నవ్వాడు. కాకి కదల్లేదు. "ఒక్క విస్తరేనండి" అంది మళ్ళీ. జకర్యాగారు తేనెకుండ పక్కనున్న రాయి తీసి విసిరారు. కాకి కొమ్మ మీంచి జారి పొదల్లోకి పోయింది. భోజనం సాగింది. మిగిలింది గోతిలో పారేశారు.

కొన్నాళ్ళకు ఒక ఆదివారం దీనమ్మ పుల్ల ఊతంగా పట్టుకుని కుంటుతూ కూడికకు వచ్చింది. సంఘం ఆనందానికి అంతు లేదు. తన గుగ్గిళ్ళ త్యాగం గురించి సలోమి సాక్ష్యం చెప్పింది. తన టేకాకు గురించి తిమోతి చెప్పాడు. ఉపవాసం శక్తి గురించి జకర్యాగారు అందరికంటే ఎక్కువసేపు చెప్పారు.

"సిస్టర్, మీరూ ఒక మాట చెప్పండి" అన్నారు చివర్న.

దీనమ్మ లేచింది. "ఆ శుక్రవారం రాత్రి ఒక కాకి మీ గోతిలోంచి గుగ్గిళ్ళు ఏరుకొచ్చి నా నోట్లో పెట్టింది. ఆ రోజు మొదలు రోజూ ఏదో ఒకటి తెచ్చింది. పాపం ఎగరలేదు. కొమ్మ కొమ్మా పట్టుకుని ఎక్కి వచ్చేది. రెక్కకేమైందే అంటే, రాయి తగిలిందంది. ఎవరు కొట్టారంటే చెప్పలేదు."

తిమోతి తన ఈకలు సర్దుకున్నాడు. జకర్యాగారు గొంతు సవరించుకున్నారు.

"ఆ కాకి రెక్క కోసం వచ్చే శుక్రవారం ఉపవాసం ఉందాం" అన్నారు.

"ఉండండి అయ్యగారూ. అప్పటిదాకా దానికి తిండి ఎవరు పెడతారు?" అంది దీనమ్మ.

తర్వాత పుల్ల పట్టుకుని, దారిలో రాలిన గింజలు ఏరుకుంటూ పొదలవైపు నడిచింది.

శుక్రవారం ఉపవాసం బాగా జరిగిందని తర్వాత తెలిసింది. పాయసం మాత్రం కొంచెం అడుగంటిందట.

నీతి: నువ్వు మానేసిన ముద్ద ఆకలిగొన్నవాడి నోటికి చేరితే అది ఉపవాసం. చేరకపోతే అది ఆలస్యంగా చేసిన భోజనం.