సింగరాచార్యుల పథ్యం

దసరా ఊరేగింపుకి కొడుకుని ముత్తాతగారి వెండి కవచంలో ఏనుగెక్కించాలని కోమలాపురం రాజు రణధీరుడికి ముచ్చట పుట్టింది. పుట్టిందే తడవు కవచం తెప్పించి నిండు సభలో తొడిగించాడు. తీరా చూస్తే, అందులో చినరాజు అభిరాముడు ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సి వచ్చింది.

రాజుకి కళ్లనీళ్లు తిరిగాయి.

"సింగరాచార్యులుగారూ! ఎన్నాళ్లుగానో మీ లేహ్యం మింగుతున్నాడు. వీడి ఒంటికి పట్టదేం?"

ఆస్థాన వైద్యుడు సింగరాచార్యులు బొజ్జ నిమురుకుంటూ లేచాడు. "లేహ్యంలో లోపం లేదు ప్రభూ! అశ్వగంధ, శతావరి, ఆవుపాలు, అన్నీ నా చేత్తో కలుపుతాను. మందు పట్టలేదంటే పథ్యం చెడినట్టే. వంటశాలలో అక్కమ్మ చాటుగా ఏదో పెట్టి చెడగొడుతోంది."

"అయితే అక్కమ్మని రేపే ఊరు దాటించండి!" అన్నాడు రాజు.

ఆ మాట విదూషకుడు బాచన్న చెవిన పడింది. తల్లి లేని తనని పెంచిన మేనత్త అక్కమ్మ. ఒట్టి పుణ్యానికి ఆమెను వెళ్లగొడతారా అని ఒళ్లు మండింది. మండినప్పుడల్లా అతనికి మాట మరీ తియ్యగా వస్తుంది.

"ఆచార్యులవారూ, ఏమిటండీ ఆ పథ్యం?"

"మొదట వంకాయ మానిపించాను. చిక్కాడు. పెరుగు మానిపించాను. ఇంకా చిక్కాడు. మినుములు, నెయ్యి, పప్పు కూడా మానిపించాను. ఇప్పుడు లేహ్యం, ఉప్పులేని పేలాల జావ. అంతే!"

"ఆహా! రాజకుటుంబానికిచ్చే మందు చేసినవారే ముందు తినాలని మన ఆచారం కదా. తమరు తింటున్నారా?"

"రోజూ దోసెడు! నా ఒళ్లే సాక్ష్యం."

"మరి పథ్యం మందులో భాగమేనా?"

"భాగమేమిటయ్యా! సగం మందు పథ్యమే!"

"అయితే ప్రభూ, ఆ సగం మందుని వీరింకా రుచి చూడలేదు."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజు మీసం దువ్వాడు. "ఆచారం ఆచారమే. రేపటినుంచి చినరాజు పక్కనే కూర్చుని, వాడు తిన్నదే మీరూ తినండి. దసరా దాకా మీ ఒళ్లు తగ్గకపోతే తప్పు అక్కమ్మది, తగ్గితే మీది. అప్పటిదాకా ఆమె ఇక్కడే ఉంటుంది."

మర్నాడు మధ్యాహ్నం రాజు ఎదుటే ఇద్దరికీ చెరో గిన్నెడు జావ పోశారు. బాచన్న ముందే చెప్పి ఉంచాడేమో, సరిగ్గా అప్పుడే వంటశాలలో అక్కమ్మ గారెలు వేయడం మొదలుపెట్టింది. కమ్మటి వాసన గుప్పుమంది. ఆచార్యులు రెండు గుక్కలు మింగి, గిన్నె పక్కన పెట్టి, తలుపువంక చూశాడు. అభిరాముడూ చూశాడు.

రాజుగారి విస్తరికి గారెలు తీసుకెళుతున్న అక్కమ్మని ఆచార్యులు ఆపాడు.

"ఆగమ్మా! ఏమిటీ, గారెలా? మినుములు... అబ్బే, మినుములు బలకరం. శాస్త్రంలో ఉంది."

"ముందు చినరాజుగారికి వడ్డించత్తా," అన్నాడు బాచన్న.

అభిరాముడు గారె ఎప్పుడు నమిలాడో ఎవరికీ కనబడలేదు. ఇంకోటి అడిగాడు.

"నెయ్యి లేని గారె వాతం చేస్తుంది," అన్నాడు ఆచార్యులు, తనకూ ఒక విస్తరి వేయించుకుంటూ. కాసేపటికి పప్పు ధాతుపుష్టి అన్నాడు. పెరుగు చలవన్నాడు. ఆఖరికి గుత్తివంకాయ కూర కనబడగానే, లేతదైతే దోషం లేదన్నాడు.

రాజు తెల్లబోయాడు. కొడుకు రెండో వాయి అన్నం కలుపుకుంటున్నాడు.

"ఇదేం వింత బాచన్నా? నిన్నటిదాకా విషమన్నవన్నీ ఇవాళ అమృతమయ్యాయేం?"

బాచన్న చేతులు కట్టుకుని వినయంగా వంగాడు.

"లేహ్యం మహిమ ప్రభూ! అది తిని చినరాజుగారికి ఆకలి పుట్టింది. ఆకలేసి ఆచార్యులవారికి శాస్త్రం గుర్తొచ్చింది."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే మెడలోని ముత్యాలహారం తీసి బాచన్న మెడలో వేశాడు. అక్కమ్మకి పట్టుచీర ప్రకటించాడు. ఆచార్యులు మాత్రం తలెత్తలేదు. నోటినిండా గారె ఉంది మరి.