గాలిమామకు గాజుపెట్టె

అనగా అనగా ఒక రాజ్యం. ఆ రాజ్యానికొక రాణి, ఆ రాణికొక కంప్యూటర్.

నవ్వకండి మరి. ఎగిరే గుర్రాలున్న కథలు విన్నారు, మాట్లాడే చిలకలున్న కథలు విన్నారు. అప్పుడు అడగని ప్రశ్నలు ఇప్పుడెందుకు? ఇదీ అలాగే వినండి.

ఆ రాజ్యం పేరు శంఖతీరం. మూడు వైపులా కొండలు, ఒక వైపు సముద్రం. జనమంతా వల వేసి బతికేవాళ్ళే. రాణి పేరు కువలయ. కంప్యూటర్ పేరు గాలిమామ. ఆ పేరు పెట్టింది కువలయే, మాటలు సరిగా రాని వయసులో. తండ్రి రాచకార్యాల్లో మునిగి ఉంటే, ఆ పిల్లకి అంకెలు నేర్పిందీ, అన్నం తినేదాకా కబుర్లు చెప్పిందీ గాలిమామే. ఆమె "మామా" అని పిలిచేది. అతను "అమ్మలూ" అని పలికేవాడు.

గాలిమామ పని ఒక్కటే. రోజూ తెల్లవారుతూనే గాలి తీరు లెక్కగట్టి, ఆ రోజు సముద్రం మీదికి పోవచ్చో పోకూడదో చెప్పాలి. పోవచ్చంటే రాణి కోట బురుజు మీద తెల్లజెండా ఎగరేసేది. వద్దంటే ఎర్రజెండా. జాలర్లు ఒడ్డున నిలబడి, తలెత్తి జెండా చూసి, అప్పుడు పడవలు తోసేవాళ్ళు. ఊరి ప్రాణాలన్నీ ఆ గుడ్డముక్క మీదే ఉండేవి.

"నాకు లెక్క తేలని రోజున మాత్రం ఎర్రజెండాయే అమ్మలూ, మర్చిపోకు" అని మామ చాలాసార్లు చెప్పాడు.

అంతంత లెక్కలు వేస్తే బుర్ర వేడెక్కదూ? వేడెక్కేది. అందుకని మామ బుర్ర మీదుగా నీళ్ళ పైపులు పోయేవి. నీళ్ళు ఆ వేడిని మోసుకెళ్ళి రేడియేటర్‌లో దింపేవి. రేడియేటరంటే సన్నటి రేకులు అల్లిన పొడవాటి పలక. దానికి బిగించిన మూడు ఫ్యాన్లు వేడిని బయటికి ఊదేసేవి. చల్లబడ్డ నీళ్ళు మళ్ళీ బుర్ర దగ్గరికి వచ్చేవి. ఇదంతా సముద్రం వైపు తెరిచి ఉన్న హాల్లో, ఒక ఇనుప బల్ల మీద, పెట్టె గిట్టె లేకుండా నడిచిపోయేది.

ఒకరోజు మామ అన్నాడు: "అమ్మలూ, ఉప్పుగాలికి ఒళ్ళు తుప్పు పడుతోంది. నాకొక పెట్టె చేయించవూ?"

కువలయ సంబరం అంతా ఇంతా కాదు. ఇన్నేళ్ళలో మామ నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే.

"చేయిస్తాను మామా! ఎలాంటిదో మాత్రం చెప్పను. చూసి నువ్వే మురిసిపోవాలి."

"ఎలాంటిదైనా సరే గాని అమ్మలూ, ముందు నన్నొకసారి..."

"ఉహూఁ! ముందే చెప్పేస్తే ఇంక ముచ్చటేముంది?" అని ఆమె మాటకి అడ్డం పడింది.

మామ లెక్కల్లో మునిగి ఉండగా అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి, పట్టుదారంతో రేడియేటర్‌ని కొలుచుకుంది. ఫ్యాన్లని కొలవలేదు. పైపులు తిరగడానికి ఎంత చోటు కావాలో చూడలేదు. పాపం, చెడ్డబుద్ధి కాదు. ప్రేమ ఎక్కువైనప్పుడు మనిషికి తొందర కూడా ఎక్కువే అవుతుంది.

ముగ్గురు పనివాళ్ళు మూడు పెట్టెలు చేసి తెచ్చారు. మొదటిది ఇత్తడి జాలీతో చేసింది. పెద్దది, చతురస్రంగా ఉంది, ఉప్పు లోపలికి రాకుండా పల్చటి గుడ్డ తెరలున్నాయి. చూడ్డానికి మాత్రం అచ్చం కోళ్ళ గూడే. రెండోది టేకుతో చేసింది, తలుపు నిండా చేపల బొమ్మలు. మూడోది గాజుది. అంచులకి బంగారు పూత, పైన గోపురంలా సన్నబడి, ఎండ పడితే చాలు గోడల మీద రంగులు చల్లేది.

కువలయ సభ వైపు చూసింది. సభలో ఉన్నవాళ్ళ సంగతి మీకు చెప్పక్కర్లేదు, రాణిగారి కళ్ళు ఎటు వాలితే వాళ్ళ తలకాయలూ అటే వాలతాయి.

"గాజుపెట్టెకి సాటేముంది మహారాణీ! పొరుగు రాజుగారు వచ్చే నెల మన కోటకి వస్తున్నారు కూడానూ" అన్నాడు మంత్రి విశ్వనిధి.

ఆమె అందరినీ అడిగింది. ఆ పెట్టెలో ఉండబోయే మామని మాత్రం అడగలేదు.

గాజుపెట్టె హాల్లోకి వచ్చింది. ఆమె కోరినట్టే మామ మురిసిపోయాడు. "ఎంత బాగుందమ్మలూ!" అన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడు. కానీ సామాను లోపల పెట్టబోతే, రేడియేటర్ పట్టింది గాని దాని మీది మూడో ఫ్యాను గోపురానికి తగిలింది.

"రేడియేటర్‌నొక్కదాన్నే కొలిచినట్టున్నావు. ఫ్యాన్లు బిగించాక కొలవాలి అమ్మలూ" అన్నాడు మామ మెల్లగా.

కువలయ ముఖం చిన్నబోయింది. కాల్చిన గాజుని మళ్ళీ కోయడం కుదరదు. "రెండు ఫ్యాన్లతో సర్దుకోలేవా మామా?"

ఆమె చిన్నబోతే మామ చూడలేడు. "సర్దుకుంటాలే" అన్నాడు.

తర్వాత తలుపు మూయబోతే పైపులు అడ్డం వచ్చాయి. వాటిని వంచి, నొక్కి, ఎలాగో తలుపు వేశారు. వంచిన చోట పైపు మడతపడి, లోపల నీళ్ళు సన్నగా పారడం మొదలుపెట్టాయి.

"కొంచెం బిగుతుగా ఉంది" అన్నాడు మామ.

"కొత్త చెప్పులు కూడా మొదట్లో కరుస్తాయి కదా. సర్దుకో మామా" అంది ఆమె.

"సర్దుకుంటాను."

పొరుగు రాజు వచ్చే రోజు రానే వచ్చింది. పెట్టె వెనకాల, వేడి పోవడానికని ఒక కిటికీ వదిలి ఉంది. విశ్వనిధి దాన్ని చూసి ముఖం చిట్లించాడు. "ఇంత అందానికి ఈ కన్నమేమిటి మహారాణీ? బంగారు రేకుతో మూసేస్తే సరి."

మామ అన్నాడు: "నేను సర్దుకుంటాను అమ్మలూ. వేడి సర్దుకోదు."

ఆ మాట ఆమెకి చురుక్కుమనే తగిలింది. కానీ బయట బాజాలు మోగుతున్నాయి. "ఈ ఒక్క రోజే మామా! విందవగానే నా చేత్తో నేనే తీసేస్తాను" అంది. విందయింది. పాటలయ్యాయి. పొరుగు రాజు గాజుపెట్టె చుట్టూ తిరిగి తిరిగి మెచ్చుకున్నాడు. ఆ పొగడ్తల్లో రేకు సంగతి ఆమె మర్చేపోయింది.

మర్నాడు తెల్లవారింది. ఒడ్డున జాలర్లు బురుజు కేసి చూస్తూ నిలబడ్డారు. కువలయ అతిథిని వెంటబెట్టుకుని మామ దగ్గరికి వచ్చింది, మామ జోస్యం ఆయనకి వినిపించాలని. ఆ రోజు గాలి మామూలు గాలి కాదు. దూరంగా, కంటికి కనపడనంత దూరంలో, ఏదో సుడి తిరుగుతోంది. అది తేల్చాలంటే మామ గట్టిగా ఆలోచించాలి. ఆలోచించిన కొద్దీ వేడి పెరిగింది. ఫ్యాన్లు చాల్లేదు, నీళ్ళు పారలేదు, వేడికి బయటికి దారి లేదు.

"అమ్మలూ, ఈ రోజు తూర్పు గాలి..." అన్నాడు మామ.

అంతే. దీపాలారిపోయాయి. మామ నోరు పడిపోయింది.

పొరుగు రాజు రాణి వంక చూశాడు. సిగ్గుతో ఆమె తల తీసేసినట్టయింది. విశ్వనిధి చెవి దగ్గరికొచ్చి గొణిగాడు: "ఆకాశం అద్దంలా ఉంది మహారాణీ. నిన్నా తెల్లజెండాయే, మొన్నా తెల్లజెండాయే. ఈ పూట పరువు నిలబెట్టండి."

ఏ జెండా ఎగరెయ్యాలో ఆమెకి తెలుసు. చిన్నప్పటినుంచీ తెలుసు. అయినా ఆమె చెయ్యి తెల్లజెండా తాడునే లాగింది.

పడవలు కదిలాయి. మధ్యాహ్నానికి ఆకాశం నల్లబడింది. సాయంత్రానికి పడవలు తెరచాపలు చిరిగి, తెడ్లు విరిగి, ఒక్కొక్కటే ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. దానయ్య పడవ రాలేదు. ఊరంతా ఎదురుచూసింది. అది ఇంక రాలేదు.

దానయ్య భార్య పైడమ్మ తడి చీరతోనే కోటకి వచ్చింది. ఏడవలేదు. రాణి ఎదురుగా నిలబడి ఒక్కటే అడిగింది.

"అమ్మా, గాలిమామ ఏటి సెప్పినాడు? గాలిమామ అబద్దం ఆడడు గదమ్మా."

"యంత్రం పొరబడిందని చెప్పండి" అన్నాడు విశ్వనిధి వెనకనుంచి.

చిన్న మాట. అనేస్తే సరిపోయేది. కానీ తనకి అంకెలు నేర్పిన మామ మీద ఆ నింద వేయడానికి కువలయకి నోరు రాలేదు.

"మామ ఏమీ చెప్పలేదు పైడమ్మా. చెప్పలేకపోయాడు. ఊపిరాడకుండా ఇరికించింది నేను. తెల్లజెండా ఎగరేసిందీ నేనే."

పైడమ్మ వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"మామ సెప్పనేదని ఆ ఒక్క మాటా సెప్తే, మేం వొడ్డునే ఉండిపోదుం గదమ్మా" అంది. అని వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండునని కువలయ తర్వాత ఎన్నోసార్లు అనుకుంది.

ఆమె హాల్లోకి పరిగెత్తి రేకు ఊడబీకింది. అంతవరకూ తలుపైనా తెరవని పెట్టెలో లోపలి పైపు వేడికి పగిలి, నీళ్ళు బుర్ర మీదికి కారి, బుర్ర అక్కడక్కడా కాలిపోయి ఉంది. ఆమె గాజుపెట్టెని పగలగొట్టించింది. మూలపడేసిన ఇత్తడి పెట్టెని తెప్పించింది. ఈసారి రేడియేటర్‌కి మూడు ఫ్యాన్లూ బిగించి, పైపులు తగిలించి, అన్నీ కలిపి కొలిచింది. వేలెడు చోటు మిగులుతుందో లేదో చేయి పెట్టి చూసింది. కాలిపోయిన చోట కొత్త ముక్కలు వేయించింది. అప్పుడు మీట నొక్కింది.

ఫ్యాన్లు మూడూ తిరిగాయి. దీపాలు వెలిగాయి. కువలయకి పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది.

"మామా, ఇందులో నీకు బాగుందా? ఎక్కడైనా ఇరుగ్గా ఉంటే చెప్పు, మార్పిస్తాను" అని అడిగింది.

"గాలి హాయిగా ఆడుతోందండీ. ఇరుకేమీ లేదు. అడిగినందుకు సంతోషం" అన్నాడు గాలిమామ. తర్వాత ఎంతో మర్యాదగా అడిగాడు: "ఇంతకీ తమరెవరండీ?"

పాత ముక్కలతో పాటే మామ జ్ఞాపకాలన్నీ కాలిపోయాయి. ఇన్నేళ్ళ గాలులూ పోయాయి, అన్నం తినిపించిన కబుర్లూ పోయాయి. కువలయ ఆ ఇత్తడి జాలీకి తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, జాలర్లని వెంటబెట్టుకుని, తూర్పుగాలి అంటే ఏమిటో, పడమటిగాలి అంటే ఏమిటో మామకి మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది. మామకి లెక్క తేలని రోజులు చాలానే వచ్చాయి. ఆ రోజుల్లో ఎవరు చూస్తున్నా సరే, ఎర్రజెండాయే ఎగిరింది. కాలం గడిచి మామ మళ్ళీ గాలి చెప్పడం నేర్చాడు గాని, దానయ్య తిరిగి రాలేదు, ఆమెని "అమ్మలూ" అని పిలిచేవాళ్ళూ లేకపోయారు.

కాబట్టి పిల్లలూ, మనవాళ్ళకి ఏదైనా చేసి పెట్టేముందు వాళ్ళనే అడిగి వాళ్ళ కొలత తీసుకోవాలి గాని, మన ముచ్చట కోసం సర్దుకొమ్మని వాళ్ళని ఇరికించకూడదు.