ముడి వేయని పూసలు

నరసాపురంలోని ఒక చిన్న చర్చి సండే స్కూల్లో కెజీయా అనే అమ్మాయి ఉండేది. చేతిపనిలో చురుకైనదే కానీ, నలుగురి కంటా పడని పనిని శ్రద్ధగా చేసేది కాదు.

ఆమె స్నేహితురాలు, ఏడేళ్ల దీవెన, గుండె ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరింది. ఆపరేషన్ మాటెత్తితేనే ఆ పిల్ల వణికిపోయేది. ఆ ఆదివారం సువార్తమ్మ టీచర్ పిల్లలందరికీ దారం, రంగు పూసలు పంచారు.

“ఒక పూస ఎక్కించి, దీవెన కోసం ప్రార్థన చేసి, ముడి వేయండి. ఆ తర్వాతే ఇంకో పూస. పూసల్లో మహిమేమీ లేదర్రా! మీరు మనసారా ప్రార్థించారని తెలిస్తే దానికి ధైర్యం వస్తుంది” అన్నారు.

కెజీయాకు ముడులు విసుగనిపించాయి. పూసలను దగ్గరగా జరిపితే ముడి లేదన్న సంగతి పైకి తెలియదని గ్రహించి, ముడులు వేయకుండానే పూసలన్నీ గుచ్చేసింది. కళ్లు మూసుకుని పెదవులు కదిపింది. ప్రార్థన మాత్రం చేయలేదు.

“అప్పుడే అయిపోయిందా? నీ వేళ్లకు మోటారు గానీ బిగించారేమే!” అంది పక్కనున్న సలోమి.

అన్నింటిలోకీ అందంగా ఉన్న కెజీయా దండనే టీచర్ ఎంచుకున్నారు. మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లారు.

“ప్రతి ముడికీ నా కోసం ప్రార్థన చేశావా అక్కా?” అని దీవెన అడిగింది.

“చేశానే, ప్రతి ముడికీ.”

“అయితే ఆపరేషన్ గది తలుపు దాకా దీన్ని పట్టుకునే వెళ్తాను. ఏడవను.”

దీవెన దండను మెడలో వేసుకోబోయింది. అది మంచం ఊచకు తగులుకుని తెగింది. ముడులుంటే ఒకటో రెండో పూసలు రాలేవి. అన్నీ జలజలా రాలి మంచం కిందికి దొర్లిపోయాయి. చేతిలో మిగిలిన నున్నని దారాన్ని దీవెన తడిమి చూసింది.

“ముడులేవక్కా?”

కెజీయా తల దించుకుంది. వంగి పూసలు ఏరసాగింది. అవి ఇంకా దోసిట్లోకి చేరకముందే దీవెనను ఆపరేషన్ గదికి తీసుకెళ్లడానికి నర్సులు వచ్చారు. దీవెన ఏడుస్తూ, ఖాళీ చేతులతో వెళ్లింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. దీవెన ఇంటికి వచ్చాక కెజీయా కొత్త దండ తెచ్చి ఇచ్చింది. ఈసారి ప్రతి పూసకూ ముడి వేసింది, ప్రతి ముడికీ నిజంగానే ప్రార్థించింది. ఆ మాటే చెప్పింది.

దీవెన దాన్ని చేతిలోకి తీసుకుంది. ఒక్కో పూసనూ వేళ్లతో లాగి చూసుకుంది. ఆ తర్వాతే దండను మెడలో వేసుకుంది.

కపటం లేని విశ్వాసమే ఎదుటివారికి ధైర్యమిస్తుంది. ఒకసారి భక్తిని నటించినవారు, ఆ తర్వాత నిజంగా ప్రార్థించినా ఉత్త మాటతో నమ్మించలేరు.