అశ్వత్థమ్మ అడిగిన తాయెత్తు

నంజుండ ఆ గురువారం దర్గా తాత దగ్గరికి వచ్చాడు, దండం పెట్టుకోవడానికి కాదు. జనంలో పోయిన నమ్మకాన్ని మళ్లీ ఎట్లా తెచ్చుకోవాలో అడగడానికి.

ఆ చుట్టుపక్కల మండీల్లో చింతపండు వేలం ఫోన్లోకి వచ్చిందంటే అది నంజుండ చలవే. గుంపులో నిలబడి గొంతు చించుకోనక్కర్లేదు. ఏ రకం పండుకి ఎంతవరకూ పాడతారో, ఆ పై ధర ముందే అందులో పెట్టేసి కొనేవాళ్లు తమ పని తాము చూసుకోవచ్చు. వాళ్ల తరఫున నంజుండ తయారుచేసిన సాఫ్ట్‌వేరే పాడుతుంది. ఎవరి పై ధర ఎంతో పక్కవాడికి తెలియదు. వ్యాపారమంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది.

పోయిన నెల దొంగలు పడ్డారు. గోడ దూకే దొంగలు కాదు, ఏ దేశంలో కూర్చుని ఉంటారో కూడా తెలియని రకం. కంప్యూటర్లన్నిటికీ తాళం వేసి, తాళంచెవి కావాలంటే డబ్బు పంపమన్నారు. పంపకపోతే ఎత్తుకుపోయిందంతా బయట పెడతామన్నారు. నంజుండ పంపలేదు. విడిగా దాచి ఉంచిన నకలు తీసి అంతా మళ్లీ నిలబెట్టుకున్నాడు. మొండివాడే, కాదనలేం.

తాత పేరు మదార్ సాహెబ్. గుట్ట కింద చిన్న దర్గా, పక్కన రేకుల పందిరి, గుంజకు ఒక మేక. అంతే ఆయన సంసారం. ఫకీరు కాకముందు పశువుల సంతలో దళారి. ఆ సంగతి ఆయన దాచిందీ లేదు, గొప్పగా చెప్పుకున్నదీ లేదు.

"వాళ్లకు ఒక్క పైసా ఇవ్వలేదు తాతా," అన్నాడు నంజుండ. "తెల్లారేసరికి పాట మళ్లీ మొదలు పెట్టించాను. ఇట్లాంటి దెబ్బకు పెద్ద పెద్ద కంపెనీలే చేతులెత్తేస్తాయి."

తాత మేకకు తుమ్మ రెమ్మ అందిస్తున్నాడు. "మంచిదే కదప్పా."

"ఏం మంచి? జనం జారిపోతున్నారు. ఒకడు ఫోన్ పాతదైందంటాడు, ఒకడు కళ్లు కనపడటం లేదంటాడు. ఎదురుపడితే ముఖం తిప్పుకుంటున్నారు. నేనేం తప్పు చేశానని?"

"దొంగలు ఏం తీసుకుపోయినారు?"

"అందరి పై ధరలూ," అన్నాడు నంజుండ గొంతు తగ్గించి.

"బయట పెట్టినారా?"

"పెట్టారు. మండీలో కొందరి చేతికి వచ్చాయని కూడా విన్నాను."

"పోగొట్టుకున్నవాళ్లకు తెలుసునా?"

"సాంకేతిక కారణాల వల్ల అంతరాయం కలిగింది, చింతిస్తున్నాము అని అందరికీ మెసేజ్ పెట్టాం."

"నేనడిగింది అది కాదు."

"లేదు తాతా. చెబితే ఇంక నా దగ్గర ఎవరుంటారు?"

తాత మేకకు ఇంకో రెమ్మ అందించాడు.

అంతలో అశ్వత్థమ్మ వచ్చింది. పండు కొని, ఆడవాళ్లను పెట్టి గింజలు తీయించి, బెంగళూరు అంగళ్లకు పంపే మనిషి. మండీలో మగవాళ్ల మధ్య తోసుకోలేక ఏళ్ల తరబడి వాళ్లు వద్దని వదిలేసిన సరుకే కొనుక్కుంది పాపం. పాట ఫోన్లోకి వచ్చాకే మంచి పండు ఆమె వాకిట్లో దిగింది. ఆ మాట కనపడిన ప్రతివాళ్లకూ చెప్పి, ఎంతోమందిని ఆమే నంజుండ దగ్గరికి పంపింది.

"ఏం తమ్ముడూ, నువ్వూ ఇక్కడే ఉన్నావే! మండీలో ఎవడో నీ మీద ఏదేదో వాగుతుంటే నోరు మూయించి వచ్చినాలే నేను," అని, తాత ముందు కూలబడింది. "తాతా, నాకొక తాయెత్తు కట్టు. ఎవరి కళ్లు పడినాయో ఏమో, నాకు దిష్టి తగిలింది."

"ఏమైందమ్మా?"

"ఏ కుప్ప పాడినా ఎదుటివాడు నన్ను నా పై ధర అంచు దాకా లాక్కొస్తాడు. సరిగ్గా అక్కడికి తెచ్చి వదిలేస్తాడు. ఒక రూపాయి ముందు ఆగడు, ఒక రూపాయి వెనక ఆగడు! పండు వస్తుంది గానీ ఏమీ మిగల్దు. ఇట్లే సాగితే నా దగ్గర గింజలు తీసే ఆడవాళ్లను మానుకోమని చెప్పాల్సిందే. వాళ్ల ముఖం చూసి ఎట్లా చెప్పేది? నా గ్రహచారం గాకపోతే ఏంది ఇది?"

ఆమె కళ్లు తుడుచుకుంది. నంజుండ నేల వైపు చూస్తూ కూర్చున్నాడు.

"కడదాంలే," అన్నాడు తాత. "ముందు నాకొక సాయం చేయండి. ఈ మేకను మేపలేకుండా ఉన్నా, అమ్మేస్తా. మీ ఇద్దరూ పాడండి. ఫోన్లో కాదు, మా సంత పద్ధతిలో."

సంతలో ఆఖరి ధర నోటితో అనరు. దళారి చేతుల మీద తువాలు కప్పుతాడు. కొనేవాడు దాని కింద చెయ్యి పెట్టి, దళారి వేళ్లు పట్టుకుని ఎంతవరకూ ఇస్తాడో చెప్తాడు. చుట్టూ ఎంతమంది మూగినా ఆ లెక్క ఇద్దరికే తెలుస్తుంది.

తాత భుజం మీది తువాలు తీసి చేతుల మీద కప్పుకున్నాడు. "నీ మీద ఎండ పడుతోంది గదమ్మా, ఇట్ల నా పక్కకొచ్చి కూర్చో," అని అశ్వత్థమ్మను పిలిచాడు. తర్వాత నంజుండను చూసి గడ్డం ఎగరేశాడు. "ముందు నీదే. ఎంతదాకా పోతావో పట్టు."

మేకను కొని మళ్లీ తాతకే ఇచ్చేయాలన్నది నంజుండ ఆలోచన. అయినా బేరగాడి బుద్ధి యాడికి పోతుంది? తక్కువలోనే కొట్టేద్దామనుకున్నాడు. ఎంతదాకా పోగలడో అది మాత్రం దాచకుండా తాత వేళ్లు పట్టి చెప్పాడు. దళారికి కాక ఇంకెవరికి చెప్తారు?

ఆమె వంతు కూడా అయ్యాక పాట నోటితోనే మొదలైంది. నంజుండ బాగా కిందినుంచి ఎత్తుకున్నాడు. అశ్వత్థమ్మ పెంచింది. అతను పెంచాడు, ఆమె ఇంకాస్త పెంచింది. తడబాటు లేదు, ఆలోచన లేదు, తన ఇంట్లో తాను నడిచినట్టు నడిపించుకొచ్చింది. నంజుండ నోటినుంచి అతని ఆఖరి ధర వచ్చేదాకా వదల్లేదు. వచ్చాక ఒక్క రూపాయి పెంచలేదు.

"నాకొద్దమ్మా, నువ్వే తోలుకుపో తమ్ముడూ!" అని పకపకా నవ్వింది. మొక్కుకోవడానికి వచ్చి పందిట్లో కూర్చున్నవాళ్లూ నవ్వారు.

నంజుండకు నవ్వు రాలేదు. తువాలు లాక్కుని తిప్పి చూశాడు. అశ్వత్థమ్మ కూర్చున్న వైపు అరచెయ్యంత చిల్లు ఉంది. అంచులు నల్లగా కాలి ఉన్నాయి.

"తాతా, దీనికి చిల్లుంది!"

"ఉంది."

"మీకు ముందే తెలుసా?"

"సాంబ్రాణి నిప్పు పడింది. నా తువాలు నాకు తెలియకుండా ఎట్లుంటుంది?"

"తెలిసీ నా చేత వేళ్లు పట్టించారా? ఆమెను తెచ్చి ఆ పక్కనే కూర్చోబెట్టారా? ఒక్క మాట నాతో అనొద్దా?" ఇన్నేళ్లలో నంజుండ తాత ముందు అంత గట్టిగా మాట్లాడింది అదే మొదటిసారి. "మిమ్మల్ని నమ్మి కదా నేను చెయ్యి పెట్టింది!"

తాత తువాలు తీసుకుని దులిపి భుజాన వేసుకున్నాడు.

"చెబితే పెడతావా?" అన్నాడు.

పందిట్లో నవ్వులు ఆగిపోయాయి. ఏం జరిగిందో అర్థంకాక అశ్వత్థమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఊరుకో తమ్ముడూ, తమాషాకు ఆడినాం. నాలుగు రూపాయలే కదా ఎక్కువ పోయింది," అంది. "నేనైనా చూడగూడదనే అనుకున్నా. కళ్లెదురుగా కనపడుతుంటే ఏం చేసేది చెప్పు?"

ఆమె తాత వైపు తిరిగింది.

"పొద్దెక్కుతోంది తాతా, ఇంక నా తాయెత్తు కట్టు. మధ్యాహ్నం పాటకు మళ్లీ ధర పెట్టుకోవాల."

తాత లేచాడు. గుంజ దగ్గర మేక తాడు విప్పి, కొన్నవాడి చేతిలో పెట్టాడు. తాయెత్తు సంగతి ఎత్తకుండా దర్గా లోపలికి వెళ్లిపోయాడు.

నంజుండ తాడు పట్టుకుని నిలబడ్డాడు. ఈమె మాట విని వచ్చినవాళ్లంతా రేపు ఈమె మాట వినే వెళ్లిపోతారు. మండీలో ఇంక అతని ముఖం ఎవరు చూస్తారు? మేక తాడు లాగుతోంది. అశ్వత్థమ్మ ఇంకా దర్గా గుమ్మం వైపే చూస్తూ, కట్టించుకోవడానికి కుడిచేతి గాజులు పైకి జరుపుకుంటోంది.

అతను వెళ్లి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"అక్కా," అన్నాడు, "నీకు దిష్టి తగల్లేదు."