రెప్ప వేయని కొర్రమీను

రండర్రా, ఇంకాస్త ముందుకు జరగండి. ఒరేయ్ సన్యాసీ, ఆ బొంగరం జేబులో పెట్టు. ఊఁ, కూర్చున్నారా?

గండవరమని ఒకానొక రాజ్యం. దానికి రణభేరుండుడని ఒక రాజు. ఆయన కళ్ళలోకి ఎవరూ చూడకూడదు. చూస్తే కొరడా దెబ్బలే. అందుకని సభలో అందరూ తలలు వంచుకునే మాట్లాడేవారు. ఒకరి కాలివేళ్ళు ఒకరికి బాగా తెలుసు గాని, మొహాలే తెలియవు.

ఒకనాడు రాజు షికారుగా కోట చెరువుకు వెళ్ళాడు. నాచు పక్కన ఒక కొర్రమీను బెదరకుండా, కదలకుండా ఆయన్నే చూస్తోంది.

"ఏమిటే ఆ చూపు? దించు!" అన్నాడు రాజు.

చేప దించలేదు. రాజుకు పంతం పట్టింది. తనూ రెప్ప వేయకుండా గుడ్లురిమాడు. కాసేపటికి కళ్ళు మండి నీళ్ళు బొటబొటా కారాయి. చేప అలాగే ఉంది.

"రేపు దీన్ని పులుసు పెట్టండి! ఇంత పొగరుగా పెంచిన కాపరిని పొలిమేర దాటించండి!"

చెరువు కాపరి పైడితల్లి లబలబలాడుతూ విదూషకుడు సూరప్ప దగ్గరికి పరుగెత్తింది.

"బాబూ, అది తండ్రి చేప. గుడ్లకి కాపలా ఉండి అక్కడే కునుకు తీస్తంది. మూయడానికి చేపకి రెప్పలేవీ? దాన్ని పట్టేస్తే గుడ్లన్నీ జెల్ల చేపలు మింగేస్తాయి. నేనెక్కడికి పోను?"

మహారాజు నిద్రపోతున్న చేపతో పంతానికి పోయి ఓడిపోయాడన్నమాట! సూరప్పకు నవ్వొచ్చింది. కాని ఆ మాట పైకంటే తల ఉండదు. మెడ తడుముకుంటూ ఆలోచించాడు. సభలో తను రోజూ చేసే దొంగపని గుర్తొచ్చింది. తల వంచినట్టే వంచి, ఓరకంట రాజును చూడడం!

మర్నాడు సభలో పండితుడు రాజుగారి బిరుదులు చదవడం మొదలుపెట్టాడు. అవి అయ్యేలోగా కందిపప్పు ఉడికి, మాడి, అడుగంటుతుంది. సగంలో సూరప్ప మెల్లిగా లేచాడు.

"ప్రభూ, పైడితల్లి తప్పు కాసినట్టేనా?"

"ఊఁ" అన్నాడు రాజు, రెప్ప కదపకుండా.

"చేపకు అభయమిచ్చినట్టేనా?"

"ఊఁ."

"ఏలినవారి కిరీటం నేనోసారి పెట్టుకోవచ్చా?"

"ఊఁ."

సూరప్ప కిరీటం పెట్టుకుని, అరిసెల పళ్ళెం తెచ్చి రాజు ముక్కు కింద ఉంచాడు. ఆ వాసనకు రాజు ఉలిక్కిపడి తల తడుముకున్నాడు.

"దొంగా! నా కిరీటం!"

"తమరే ఊఁ అన్నారు. సభంతా విన్నది."

"నేను నిద్ర..." రాజు గతుక్కుమన్నాడు. "నిద్రా? నేనా? నా కళ్ళు తెరిచే ఉన్నాయి!"

"అయితే మెలకువగానే సెలవిచ్చారు. పైడితల్లీ, చేపా బతికిపోయారు. కాదు, కునుకు పట్టిందంటారా? పాపం, నిన్న ఆ చేపా అంతే, కళ్ళు తెరుచుకుని నిద్రపోయింది. దానికి పులుసు శిక్షయితే మరి..."

"ఏమిరా! నా కళ్ళలోకే చూస్తున్నావు?"

"తల వంచితే కిరీటం పడిపోతుంది ప్రభూ!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకు సభంతా తలలెత్తింది. "మీరేనా సేనాపతిగారు! మీకు మీసాలున్నాయే!" అన్నాడు మంత్రి.

"కిరీటం ఇటిచ్చి అరిసెలు నువ్వు తీసుకో" అంటూ రాజు తన వేలి ఉంగరం కూడా సూరప్పకు తొడిగాడు. తల వంచే ఆజ్ఞ ఆనాటితో పోయింది.

తర్వాత గుడ్లు పగిలి ఎర్రటి పిల్లలు తండ్రి చుట్టూ గుంపు కట్టాయి. రాజు చెప్పులు చేతబట్టుకుని, చప్పుడు కాకుండా వచ్చి చూసి పోయేవాడు. దాని కునుకు చెడుతుందని.

సరే, మీ అమ్మలు పిలుస్తున్నారు. వెళ్ళి అన్నాలు తినండి. సన్యాసీ, నిన్నేరా! కళ్ళు తెరిచే ఉన్నావు గాని... లే, లే!