సీలు విప్పని వైరు

భీమిలిలో యజ్ఞనారాయణ గారు ఆదివారాలు ఉపనిషత్తులు చెప్పేవారు. ఎవరేమడిగినా వెంటనే జవాబిచ్చే అలవాటు ఆయనకు లేదు. ఏదో ఒక పని పురమాయించి ఊరుకునేవారు.

ఒకనాడు పాఠమయ్యాక పైడిరాజు అనే శిష్యుడు దగ్గరకు వచ్చాడు. విశాఖలో ఉద్యోగం. రోజూ కారులో ముప్పై కిలోమీటర్లు వెళ్లి వస్తాడు.

"నవ్వకండి గురువుగారూ. నాది ప్లగిన్ హైబ్రిడ్. కరెంటుతోనూ నడుస్తుంది, పెట్రోలుతోనూ నడుస్తుంది. అయినా ఎక్కడ ఆగిపోతుందోనన్న దడ తగ్గడం లేదు. ఇది అమ్మేసి మామూలు హైబ్రిడ్ తీసుకుంటే ప్లగ్గు గొడవుండదు, పెట్రోలు పోస్తే చాలు. ఎలక్ట్రిక్ అయితే పెట్రోలు ఊసే ఉండదు. కానీ దారిలో ఆగిపోతే? ఏది కొనమంటారు?"

"రేపు తొమ్మిదింటికి విశాఖలో నాకు డయాలిసిస్. నువ్వే తీసుకెళ్లు," అన్నారాయన.

మర్నాటికి పెట్రోలు ట్యాంకర్ల సమ్మె మూడో రోజుకు చేరింది. హైవే మీద ఎక్కడో ఒకచోట దొరక్కపోదులే అనుకుని పైడిరాజు బయలుదేరాడు. సగం దారిలో పెట్రోలు అయిపోతోందని ఎర్రదీపం వెలిగింది. రెండు బంకులకు అడ్డంగా తాళ్లు కట్టి ఉన్నాయి. మూడోదాని ముందు 'స్టాకు లేదు' అన్న అట్ట చూసి కారు పక్కకు ఆపాడు. వెనక సీట్లో గురువుగారి పాదాలు ఉబ్బి ఉన్నాయి. అవి చూడలేక తల తిప్పుకున్నాడు.

"కరెంటు కూడా ఉందన్నావుగా?"

పైడిరాజు దిగి డిక్కీ తెరిచాడు. ఛార్జింగు వైరు ప్లాస్టిక్ సంచిలో, సీలు కూడా విప్పకుండా ఉంది.

"కొని ఏడాదైందండి. ఒక్కసారీ పెట్టలేదు. కరెంటును నమ్ముకుంటే ఎక్కడ దిగబెడుతుందోనని..."

రోడ్డు పక్కన పిండిమర కనిపించింది. మర నడిపే ఆవిడ సంగతి విని, "పెద్ద ప్లగ్గుంది బాబూ, దీనికెట్టుకో. ముసలాయన్ని నీడకి తీసుకురా," అంది. రెండు గంటలు గడిచాయి. పైడిరాజు ఒకసారి గడియారం, ఒకసారి గురువుగారి ముఖం చూస్తూ పిండి రేగే గదిలో నిలబడే ఉన్నాడు.

పదకొండున్నరకు ఆసుపత్రి చేరారు. నర్సు మందలిస్తూనే మంచం ఇచ్చింది. మెషిను తిరగడం మొదలయ్యాక గాని పైడిరాజుకు ఊపిరాడలేదు.

"ఎలక్ట్రిక్ కారే అయ్యుంటే నిన్ననే ఛార్జింగు పెట్టి ఉంచేవాణ్ణి గురువుగారూ," అన్నాడు.

యజ్ఞనారాయణ గారు కళ్లు మూసుకున్నారు.

"దీనికి పెట్టొద్దన్నదెవరు నాయనా?"