నాలుగో భాగానికి ఊ కొట్టిందెవరు?

గోదావరి వంపు తిరిగే కొండల్లో ఒక బోడిగట్టు ఉంది. దాని మీద చెట్టూ లేదు, నీడా లేదు. అయినా ఆ అడవిలో దానికున్న మర్యాద పులిగుహకి కూడా లేదు. ముసలి తాబేలు చుక్కల పడవ కథ చెప్పింది ఆ గట్టు మీదే మరి.

ఆ కథలో అడవికి వరదొచ్చినప్పుడు జంతువులన్నీ ఒక పెద్ద సొరకాయ బుర్రలోకి ఎక్కి ఆకాశంలోకి కొట్టుకుపోతాయి. కొంగ ఆ పడవని నడిపించే సరంగు. ఉడుత చుక్కాని పడుతుంది. చుక్క నుంచి చుక్కకి తిరుగుతూ, చుక్కల్ని మింగే కొండచిలువతో పోరాడతాయి. పడవ ఎక్కేముందే సరంగు కొంగ అందరిచేతా ఒట్టు వేయించింది, పడవలో ఉన్నంతకాలం ఎవరూ ఎవరినీ తినకూడదని. ఆ ఒట్టంటే వినేవాళ్ళకి ఎంత ప్రాణమంటే, కథ చెప్పే గట్టుని కూడా పడవ కిందే జమకట్టుకున్నారు. గట్టు మీద వేట లేదు. ఆ ధైర్యంతోనే కౌజుపిట్ట ఆదెమ్మ గట్టు వాలులో గడ్డిదుబ్బు కింద గూడు పెట్టి పిల్లల్ని పెంచుకుంటోంది.

కథ చెప్పడానికీ ఒక పద్ధతి ఉండేది. తాబేలు ఒక మాట చెప్పి ఆగేది. వినేవాళ్ళు "ఊ" కొడితేనే తర్వాతి మాట. ఊ పడకపోతే, "ఎక్కడ బెణికిందర్రా?" అని అడిగి, ఆ మాట మార్చి చెప్పేది. వినేవాళ్ళలో ఎవరైనా ఒక మాట అందించినా సరే, దానికి ఊ పడితే అదీ కథలో కలిసిపోయేది. ఉడుత చేతికి చుక్కాని వచ్చింది అలాగే. చివరిదాకా ఊ పడిన కథ ఖాయం. ఆ తర్వాత దాన్ని మార్చే హక్కు పులికి కూడా లేదు. అలా మూడు భాగాలు ఖాయమయ్యాయి. నాలుగోది మొదలెట్టకుండానే తాబేలు పోయింది.

కొన్ని వానాకాలాలు గడిచాయి. ఒకరోజు నక్క బుచ్చిరాజు అడవంతా తిరిగి టముకు వేశాడు.

"నాలుగో భాగం నా దగ్గరుందండీ. తాబేలు తాతగారు పోతూ పోతూ నా చెవిలో వేసి పోయారు. ఈ సాయంత్రం తొలిచుక్క పొడవగానే గట్టు మీద చెబుతాను."

అడవికి పిచ్చెక్కింది. అందరికన్నా ఎక్కువ ఎక్కింది కుందేలు సత్తిబాబుకి. మూడు భాగాలూ కంఠతా వచ్చినవాడు, పెద్ద కొడుక్కి సరంగని పేరు పెట్టుకున్నవాడు. గంతులేసుకుంటూ ఆదెమ్మ దగ్గరికొచ్చాడు.

"విన్నావా పిన్నీ? నా జన్మ తరించిపోయింది."

"తాతగారు పోయింది మడుగు అడుగున కదరా. కాలు తడిస్తే జలుబు చేస్తుందనే బుచ్చిరాజు గారు అక్కడికెలా దిగారు?"

"నీకన్నీ అనుమానాలే పిన్నీ."

"అనుమానం ఉండబట్టే ఇంకా బతికున్నాను నాయనా."

ఆ మధ్యాహ్నం మేతకి పోతూ ఆదెమ్మ ఇంకోటి కూడా చూసింది. గట్టు వెనక వాననీటి గుంట ఉంది. నిండా గోండ్రుకప్పలు. ఆ గుంట ఒడ్డున బుచ్చిరాజు చేపతలకాయలు పేర్చి వస్తున్నాడు. వాటిమీద ఈగలు జోరుగా ముసురుతున్నాయి. చేపని నోట్లో పెట్టుకోకుండా నేలమీద పెట్టే నక్కని ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"ఏంటండీ బుచ్చిరాజు గారూ, నోములేమైనా పట్టారా?"

"పుణ్యం కోసం అమ్మా. పాపం కప్పలకి ఈగల సంతర్పణ."

నక్క వినయం చూస్తే ఆదెమ్మకి ఈకలు నిక్కబొడుచుకుంటాయి. పిల్లల్ని గూట్లోంచి కదలొద్దని గట్టిగా చెప్పింది.

తొలిచుక్క పొడిచింది. గట్టు మీద ఇసకేస్తే రాలనంత మంది. అడవికి పెద్ద అయిన అడవిదున్న కామయ్య ముందు వరసలో కూర్చున్నాడు. బుచ్చిరాజు అందరికీ పేరుపేరునా దండం పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"చుక్కాని పట్టే ఉడుత ఉంది చూశారూ, అది ముసలిదై, మతి పోయి, చుక్కాని గాలికొదిలేసింది."

"ఊ."

సత్తిబాబు చెవులు వాలిపోయాయి. ఆ ఉడుతంటే అతనికి సొంత మేనమామతో సమానం.

"ఇంతలో కొండచిలువ బతికొచ్చింది."

"ఊ."

సత్తిబాబు ఉండబట్టలేకపోయాడు. "ఎలాగండీ? మూడో భాగంలో దాన్ని ముక్కలు ముక్కలు చేసి చుక్కలకి పంచిపెట్టారు కదా."

"బతికిందయ్యా. అంతే. కొత్త కథ కొత్తగా ఉంటుంది. అర్థం చేసుకోడానికి కాస్త బుర్ర కావాలి."

"ఊ."

సత్తిబాబు సిగ్గుతో ముడుచుకుపోయాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది ఈ కథ అనుకుంది ఆదెమ్మ. అయినా కథ బాగోకపోవడం కాదు ఆమెని కలవరపెడుతున్నది. ఇంత చప్పటి కథకి ఇంత నిండుగా ఊ ఎలా పడుతోంది? పక్కకి చూసింది. ముళ్ళపంది మూతి బిగించుకుని ఉంది. జింకలు నేలచూపులు చూస్తున్నాయి. ఒక్కరి నోరూ కదలడం లేదు. కానీ ఊ మాత్రం కొట్టాల్సిన చోట ఠంచనుగా పడుతోంది.

"సత్తిబాబూ, నువ్వు ఊ కొట్టావా?" అని మెల్లిగా అడిగింది.

"లేదు పిన్నీ. నాకు ఏడుపొస్తోంది. కానీ అందరికీ నచ్చినట్టుంది. నాకే బుర్ర లేదేమో."

ఆదెమ్మ కామయ్య పక్కకి జరిగింది. "పెదనాన్నా, మీరు కొట్టారా?"

"నేనెందుకు కొడతానమ్మా ఈ చెత్తకి? కుర్రకారు కొడుతున్నారేమో. వాళ్ళ ముచ్చట చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను."

బుచ్చిరాజు గొంతు పెంచాడు. "ఒకనాడు సరంగు కొంగకి బాగా ఆకలేసింది. పక్కనే పావురం నిద్రపోతోంది. ఆకలి ముందు ఒట్టేమిటి అనుకుని, సరంగు ఆ పావురాన్ని తినేసింది."

"ఊ."

గట్టంతా ఉలిక్కిపడింది. ఎవరో వెక్కారు. అయినా ఎవరూ లేచి కాదనలేదు. ఆ మాట చెబుతూ బుచ్చిరాజు చూపు ఎటు పోయిందో ఆదెమ్మ ఒక్కతే గమనించింది. గడ్డిదుబ్బు మీదికి. ఆమె పిల్లలున్న గడ్డిదుబ్బు మీదికి.

సరంగే ఒట్టు తప్పిందని కథ ఖాయమైతే, ఇక గట్టు మీద ఒట్టెవరికి? ఇంకో మాటా, ఇంకో ఊ. తెల్లారేసరికి గూట్లో ఈకలు కూడా మిగలవు.

ఆదెమ్మ ఎగిరి అందరి ముందూ వాలింది. "బుచ్చిరాజు గారూ, మీ గొంతు ఆరిపోయినట్టుంది. కాసేపు నేను మాట అందిస్తాను."

"అబ్బే, నీకెందుకమ్మా శ్రమ."

"తాతగారి రోజుల్నుంచీ ఉన్న పద్ధతే కదా. అందించనీ," అన్నాడు కామయ్య.

ఆదెమ్మ ఒక మాట చెప్పడం, ఆగడం. తాబేలు చెప్పినట్టే చెప్పింది.

"ఆ పడవలో ఒక నక్క కూడా ఉంది."

"ఊ."

"సరంగు ఒట్టు తప్పిందని పుకారు పుట్టించింది ఆ నక్కే."

"ఊ."

"పావురం బతికే ఉంది. నక్క అబద్ధం బయటపడింది."

"ఊ."

బుచ్చిరాజు మీసాలు అదరడం మొదలైంది. ఆదెమ్మ అతని వంక చూడనే లేదు.

"అప్పుడు పడవలో వాళ్ళంతా కలిసి దాని తోక కోసేశారు."

"ఊ."

"తోక లేని ఆ నక్కని కిందికి తోసేశారు. మళ్ళీ ఎన్నడూ పడవ ఎక్కనివ్వలేదు."

"ఊ." ఇది అన్నిటికన్నా నిండుగా పడింది.

"ఆగండాగండి," అన్నాడు బుచ్చిరాజు, రెండు చేతులతో తోక పట్టుకుని. "ఆ ఊలు చెల్లవు."

"ఎందుకు చెల్లవు? ఇందాక నీకు పడినవీ ఆ ఊలేగా," అన్నాడు కామయ్య.

"అవి ఈగల ఆశకి గుంటలో చేరిన కప్పలండీ. గొంతు ఆగితే చాలు, ఊ అనేస్తాయి. కథో కాకరకాయో వాటికేం తెలుసు?"

అనేశాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరని ఎవరూ అడక్కుండానే భుజాలు తడుముకున్నాడు. గట్టు వెనక గుంటలోంచి మరోసారి వినబడింది, "ఊ" అని.

కామయ్య లేచి నిలబడ్డాడు. "రెండే దారులు బుచ్చిరాజూ. కప్పల ఊ చెల్లుతుందంటావా, తోక ఇక్కడ పెట్టి గట్టు దిగు. చెల్లదంటావా, నీ నాలుగో భాగానికి ఒక్క ఊ కూడా పడలేదు. పడవలో ఒట్టు అలాగే ఉంది. తేల్చుకో."

బుచ్చిరాజు తేల్చుకోడానికి ఎంతోసేపు పట్టలేదు. "చెల్లదండి," అని గొణిగాడు.

ఆదెమ్మకి అప్పుడు ఊపిరి వచ్చింది. కళ్ళ వెంట నీళ్ళు కూడా వచ్చాయి. సత్తిబాబు దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"మరి అసలైన నాలుగో భాగం పిన్నీ?"

"లేదు నాయనా."

"ఎన్నాళ్ళో ఎదురుచూశాను."

"నేను మాత్రం చూడలేదా? నాకూ కష్టంగానే ఉంది. లేని కథ కోసం ఏడవచ్చు. చెడిపోయిన కథతో కాపురం చేయలేం."

సత్తిబాబు తల ఊపాడు. చుట్టుపక్కలవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకూ నచ్చలేదంటే నాకూ నచ్చలేదని, అప్పుడు ఒక్కొక్కరే నోరు విప్పారు.

బుచ్చిరాజు తోక కాళ్ళ మధ్య దాచుకుని గట్టు దిగాడు. గుంట పక్కనుంచి పోతూ కడుపుమంట ఆపుకోలేక కప్పల్ని తిట్టిపోశాడు. "మీ ఈగల తిండి మండా, కొంప ముంచారు కదర్రా, నా అంత తెలివితక్కువ దద్దమ్మ ఈ అడవిలో ఎవడూ లేడు," అని ఊపిరి పీల్చుకోడానికి ఆగాడు.

"ఊ," అన్నాయి కప్పలన్నీ.

నీతి: నచ్చలేదని చెప్పకుండా మనం నోరు మూసుకుంటే, మన ఊ ఇంకెవడో కొట్టేస్తాడు.